ఎనిమిది రోజుల వారం

కూర్మన్నపాలెంలో మా కింద వాటా తలుపుకి
ఎనిమిది రోజుల వారం.
జగ్గారావు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ మీద:
రెండు ఏ షిఫ్టులు, రెండు బీ, రెండు సీ,
ఆ తరవాత రెండు సెలవులు.
పైడితల్లి పోర్టులో, కంటైనర్ల గేటు దగ్గర:
ఆమెకీ అవే షిఫ్టులు,
మొదలయ్యే చోటే వేరు.
తాళంచెవి గడప పక్కన పాత హెల్మెట్ కింద ఉంటుంది.
ఒకరు పెట్టింది ఇంకొకరు తీస్తారు.

నేను పై వాటాలో
రుషికొండ కంపెనీ ఇంటర్వ్యూకి లెక్కలు చేస్తున్నాను.
పదమూడో లెక్క:
రెండు అక్షరాల వరసలు ఇస్తారు,
ఒకదాన్ని తిప్పితే రెండోది వస్తుందా, రాదా?
ముందున్న అక్షరాన్ని తీసి వెనక కట్టాలి,
పోల్చాలి,
మళ్లీ తీయాలి, మళ్లీ కట్టాలి.

ఊరికే ఉండలేక వాళ్ల షిఫ్టులే రాశాను, తెలుగులో.
ఏఏబీబీసీసీసెసె.
మూడో తిప్పుకి మిషను
బీ లోంచి బ ని మాత్రం పీక్కుపోయి చివర పడేసింది.
గుడిదీర్ఘం ఒక్కటీ
వరస మొదట్లో నిలబడింది,
ఎవరి తల మీద వాలాలో తెలీక
చుక్కల సున్నా ఒకటి పట్టుకుని.
దాని అక్షరమూ మన అక్షరమూ ఒకటి కాదట.
రాత్రి రెండున్నరకి ఈ సంగతి తెలిసి
టీ పెట్టుకున్నాను.

తెల్లారి నీళ్ల మోటారు వెయ్యడానికి దిగితే
సీ షిఫ్టు నుంచి వచ్చిన పైడితల్లి
బూట్లు విప్పకుండానే ఫ్రిజ్ తలుపు మీద
రెండు కాగితాలు అంటిస్తోంది పక్కపక్కన.
రెండూ మొగుడివే. రెంటిలోనూ అదే వరస.
"అదేటి, ఒకటి సాలదా?"
"సాలదు బాబూ. మద్దిన తెగిపోతాది.
రెండూ కలిపీసి అతికిస్తే
ఏ రోజు కాడి నుంచి సూసుకున్నా దొరుకుతాది."
వేలు పెట్టి చూపించింది.
ఐదో గడి నుంచి మొదలుపెట్టి
సీసీసెసెఏఏబీబీ,
ఆమె డ్యూటీ మొత్తం,
మొగుడి రెండు వరసల నడుమ
ఎక్కడా చిరగకుండా.

మోటారు సంగతి మర్చిపోయి పైకి పరిగెత్తాను.
ముందు పొడవులు చూడు: ఎనిమిది, ఎనిమిది.
మొదటి వరసని దానికే అతికించు.
అందులో రెండోదాన్ని వెతుకు.
అంతే. తిప్పడమన్న మాటే లేదు.
మీట నొక్కాను.
అవును, అంది.

ఆ అవును చూసుకుని కాసేపు గొప్పగా ఉంది.
కింద నీళ్లు పొంగి మెట్ల మీదుగా పారుతున్నాయని
ఎవరో అరుస్తుంటే
అప్పుడు అర్థమయింది.
ఒకే వరస, నాలుగు గడుల ఎడం.
అతని సెలవుల్లో ఆమెకి బీ,
ఆమె సెలవుల్లో అతనికి బీ.
ఎన్నేళ్లు తిప్పినా సెలవు మీద సెలవు పడదు.
ఆమెది ఏడు రోజుల వరసైనా అయ్యుంటే
ఏదో ఒక వారం కలిసేవి.
నా ప్రోగ్రాము మొదటి లైన్లోనే
పొడవు చాలదని తోసేసేది.

"ఏటొచ్చింది నీ లెక్క?"
తడి మెట్లు తుడుస్తూ అడిగింది.
"అవునని వచ్చింది."
"అది నాకు పెళ్లయిన నెల్లోనే తెల్సు."
గుడ్డ పిండి, లోపలికెళ్లి,
తన కాగితంలో ఏడో గడి దగ్గర ఆగింది.
బీ కొట్టేసి
బాల్‌పెన్నుతో వంకరగా సె రాసింది.
"లీవెట్టీసేను. అప్పికొండ ఎల్తాం.
ఆ మనిషికి ఇంకా సెప్పనేదు."

నేనూ ఆ ఒక్క అక్షరం మార్చి మీట నొక్కాను.
కాదు, అంది.

ఇంటర్వ్యూలో
కాదని రావాల్సిన ఉదాహరణ ఒకటి చెప్పమంటే
ఇదే చెబుదామనుకున్నాను. అడగలేదు.
ఆ రోజు మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి
కింద వాటాకి తాళం వేసుంది.
ఊరికే హెల్మెట్ ఎత్తి చూశాను,
చెవి లేదు.